బ్రేకు బావగారు నడిచిన రోజు

ఏటా ఆ రోజు పొద్దున పదింటికి దేశంలో ఉన్న పోస్టుమేన్లందరూ సైకిలు దిగి నడుస్తారు. ఇస్త్రీ మడత నలగని చొక్కాలు, భుజాన ఖాళీ సంచి, చేత్తో పట్టి నడిపించే సైకిలు. యుద్ధంలో పోయినవాళ్ళ కోసం జనమంతా గుమ్మాల్లోకి వచ్చి మాట్లాడకుండా నిలబడతారు. రేడియోలో ఒకాయన గొంతు బాగా తగ్గించి, "అమరులైన సైనికుల పట్ల మన తపాలా శాఖ ఆనాడు చూపిన గంభీరమైన గౌరవానికి ఇది గుర్తు" అని చెబుతాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను పెదవి కొరుక్కుంటాను. అలాంటి రోజున నవ్వితే నలుగురూ ఏమనుకుంటారు?

గౌరవం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మా బావగారి మోకాళ్ళ వణుకు.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. మా వీధికి పోస్టుమేను. వీధంతా ఆయన్ని "బ్రేకు" అనేది. దిగుడులో బ్రేకు వేయడం ఎవరైనా చేస్తారు. ఈయన ఎత్తు ఎక్కుతూ కూడా బ్రేకు మీంచి వేలు తీసేవారు కారు. కుక్కలకని జేబులో బిస్కట్ ముక్కలు పెట్టుకునేవారు. ఉరిమితే సంచి నెత్తిన పెట్టుకునేవారు, సంచిలో ఉత్తరాలు ఉంటే పిడుగు పడదని ఎవరో చెప్పారట. యుద్ధం మొదలైన కొత్తలో సైన్యంలోకి పిలిస్తే వెళ్ళారు. డాక్టరు చిన్న సుత్తితో మోకాలి మీద కొడితే కాలు ఎగిరి డాక్టరుకే తగిలిందట. ఈయన లేచి "క్షమించండి" అన్నారు. మళ్ళీ కొడితే మళ్ళీ తగిలింది, మళ్ళీ లేచి క్షమించమన్నారు. మూడోసారి డాక్టరే దండం పెట్టి పంపేశాడు. ఒంటరిగా వెళ్ళడానికి భయపడి తోడుకి తమ్ముణ్ణి తీసుకెళ్ళారు. తోడుకి వెళ్ళినవాణ్ణి ఎంచుకున్నారు.

ఆ తమ్ముడే మా ఆయన. అప్పటికి మా పెళ్ళయి అయిదు నెలలు.

ఆ రోజు నుంచి బావగారు నా కళ్ళలోకి సూటిగా చూడలేదు. నేను టీ గ్లాసు ఇస్తే గ్లాసుతోనే మాట్లాడేవారు. "చక్కెర సరిపోయిందమ్మా" అని గ్లాసుకి చెప్పేవారు. మా తోటికోడలు, అంటే ఆయన భార్య, నేను అక్కా అని పిలిచేదాన్ని, ఆవిడ మాత్రం మొహమాటం లేని మనిషి. "ఆ గ్లాసుకి చెవులు మొలుస్తాయి చూడండి" అనేది.

యుద్ధం మొదలయ్యాక ఉత్తరాలు రెండు రకాలయ్యాయి. మామూలువి, సంతకంవి. మామూలు ఉత్తరాన్ని బావగారు సీటు మీంచి దిగకుండానే, ఒక కాలు నేలకి ఆనించి గుమ్మంలోకి విసిరేవారు. సంతకం కవరు సైన్యం ఆఫీసు నుంచి వచ్చేది. దాన్ని ఇంటివాళ్ళ చేతికే ఇచ్చి పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. ఆ కవరులో ఏముంటుందో విప్పి చదవక్కర్లేదు.

మొదటి సంతకం కవరు వచ్చిన రోజున బావగారికి వీధి మొదట్లోనే కాళ్ళు వణికాయి. పెడలు మీద పాదం నిలవలేదు. దిగి, పడిపోకుండా సైకిల్ని పట్టుకుని, నడిచారు. చూసినవాళ్ళు "ఎంత మర్యాద తెలిసిన మనిషి, చావు కబురు సైకిలెక్కి తేకూడదని దిగాడు" అన్నారు. అలా కాదు అని చెప్పే ధైర్యం ఆయనకి లేకపోయింది. రెండో కవరుకీ కాళ్ళు వణికాయి, రెండోసారీ నడిచారు. ఇంకేముంది, అది గుర్తయిపోయింది. బ్రేకు సైకిలెక్కి వస్తే బతికాం. నడిచి వస్తే ఎవరికో మూడింది.

ఆ మర్యాద ఆయన ప్రాణం మీదికి వచ్చింది. మా వీధి ఎత్తు. పోస్టాఫీసు కింద, సైకిలు షాపు పైన. యుద్ధానికి ముందు ఆయన హాయిగా దిగి సైకిలు తోసుకుంటూ వచ్చేవారు. ఇప్పుడు దిగితే వీధి గుండె ఆగుతుంది. జ్వరమొచ్చినా, మోకాలు వాచినా, రొప్పుతూ తొక్కుకుంటూనే రావాలి. నాలుక బయటపెట్టి తొక్కుతున్న ఆయన్ని చూసి ఆడవాళ్ళం ప్రాణం కుదుటపడ్డ నవ్వు నవ్వేవాళ్ళం. ఆ రొప్పు వినిపిస్తే ఆ పూట భోజనం రుచిగా ఉండేది.

ఆయన నడిచి వచ్చిన రోజున ఏం చేసేవాళ్ళమో కూడా చెప్పాలి, చెప్పడానికి బాగోకపోయినా. అందరం గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళం. రాకుండా ఉండలేం. ఆయన ఇంటి ముందు నుంచి దాటగానే తలుపు మూసేవాళ్ళం. "మాది కాదు" అన్న ఊపిరి పక్కింటికి వినపడకూడదు కదా. ఆయన ఎవరి ఇంటి ముందు ఆగినా, అప్పటికి కింద తలుపులన్నీ మూసి ఉండేవి. ఆగడం చూసి పై తలుపులూ మూసుకునేవి. నేనూ మూశాను. గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డంపెట్టి మరీ మూశాను.

నాలుగో కవరు కాజాలావిడ ఇంటికి వచ్చింది. దర్జీ షాపుకి చొక్కాల కాజాలు కుట్టే ఆవిడ. అరవై ఏళ్ళు, ఒక్కడే కొడుకు. మా ఇంటికి దిగువన మూడో గుమ్మం. అప్పుడూ అంతే. తలుపు సందులోంచి నాకు వీధిలో ఒక ముక్క కనపడింది. ఆవిడ సంతకం పెట్టింది. తలెత్తి అటూ ఇటూ చూసింది. నేను సందు కూడా మూసేశాను.

ఇది జరిగిన సుమారు ఏడాదికి ఒక మంగళవారం పొద్దున నేను కిటికీ అద్దం తుడుస్తున్నాను. కింద నుంచి బావగారు వస్తున్నారు. నడుస్తూ.

గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. అక్క తనే వచ్చి నా పక్కన నిలబడింది. వీధిలో ఒక్కో తలుపూ తెరుచుకుంటోంది. మా ఇంటికి వచ్చే కవరైతే ఆయనకి తెలుస్తుంది కదా, మొహంలో కనపడుతుంది కదా అని మొహం చూశాను. తెల్లగా ఉంది. ఎప్పుడు నడిచినా అలాగే ఉంటుంది, అందులో తెలిసేదేముంది? ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టాను. మా గుమ్మం దాటారు. అక్క కూర్చుండిపోయింది, నేను తలుపు మూశాను.

ఎక్కడ ఆగుతారా అని చెవులు రిక్కించాను. ఆగలేదు. సైకిలు చప్పుడు పైకి పోయింది, చివరిదాకా పోయింది. పైన ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత మళ్ళీ మొదలైంది.

ఆయన వెనక్కి వస్తున్నారు.

అప్పటివరకూ అలా ఎప్పుడూ జరగలేదు. దాటిపోయాడు కదా అని మూసిన తలుపులన్నీ మళ్ళీ తెరుచుకున్నాయి. దాటిన ఇల్లే మర్చిపోయాడేమో, ఇప్పుడు దాని కోసమే వస్తున్నాడేమో. ఇక ఆయన ఎవరిని దాటినా లాభం లేదు, మళ్ళీ తిరగడని నమ్మకమేమిటి? గుమ్మంలో నిలబడలేక జనం వీధిలోకి దిగారు. ఎదురింటి లెక్కల మాస్టారికీ మాకూ మురుక్కాలవ తగాదాతో మూడు నెలలుగా మాటల్లేవు. ఆయన భార్య వచ్చి నా ముంజేయి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. నేనూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పై నుంచి మంగలి షాపాయన కత్తి చేత్తోనే దిగి వచ్చాడు. బావగారు వీధి మధ్యకి వచ్చి, ఇన్ని కళ్ళ మధ్య ఇక అడుగు వేయలేక, సైకిలుకి స్టాండు వేసి నీళ్ళ కుళాయి గట్టు మీద కూర్చున్నారు. నోరు తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు.

"పంక్చరు" అన్నారు.

వెనక చక్రం అప్పడం లాగా నేలకి అతుక్కుని ఉంది. వీధి మొదట్లో మేకు గుచ్చుకుందట. వెనక్కి తిరిగితే ఎవరింటి నుంచి తప్పుకుంటున్నాడో అనుకుంటారు. నాలుగు గజాలు అలాగే తొక్కి చూశారు, రిమ్ము వంగితే ఎలా, సర్కారు సైకిలు. సరే, పైన సైకిలు షాపుదాకా నడుద్దామనుకున్నారు. షాపుకి తాళం. అందుకని వెనక్కి. ముప్పై గుమ్మాల జనం ఆయన మొహం చూశారు, సంచి చూశారు, చక్రం వంక చూసినవాడు ఒక్కడూ లేడు.

మాస్టారు కాలవ పక్కకి వెళ్ళి వాంతి చేసుకున్నారు. మంగలి షాపాయన బావగారి కాలరు పట్టుకున్నాడు.

"నోట్లో నాలుక లేదా నీకు? మొదట్లోనే ఒక్క కేక వేస్తే నీ సొమ్మేం పోయింది?"

"వేద్దామనుకున్నాను. రాలేదు."

"నా కొడుకు నాకు మూడుసార్లు చచ్చాడయ్యా ఈ పూట. పైకి వెళ్తూ ఒకసారి, దిగుతూ ఒకసారి, నువ్వు కూర్చున్నావు చూడు, అప్పుడొకసారి."

ఆ గొడవలో నా చూపు కాజాలావిడ మీద పడింది. ఆవిడా తన గుమ్మంలో నిలబడింది. ఇక భయపడడానికి ఆవిడకి ఎవరూ లేరు. వీధిని పై నుంచి కింద దాకా నెమ్మదిగా చూస్తోంది, తెరిచిన తలుపుల్ని, బయట నిలబడిన మనుషుల్ని.

సాయంత్రం మా ఇంటికి వచ్చింది. వేలికి కుట్టుపని తొడుగు అలాగే ఉంది.

"నాయనా, నా కవరు తెచ్చావు చూడు, ఆ రోజు నేను తలెత్తి చూశాను. వీధంతా మూసిన తలుపు చెక్కలే. మనిషన్నవాడు లేడు. నువ్వొక్కడివి ఉన్నావు, నువ్వు కూడా నా మొహం చూడకుండా పుస్తకం చూస్తున్నావు."

బావగారు టీ గ్లాసు వంక చూశారు. నేను కూడా ఎటో చూశాను.

"తప్పని కాదు. వేరేవాళ్ళ కవరు రోజున నేనూ మూసుకున్నదాన్నే. ఇవాళ అందరూ బయట ఉన్నారు. వచ్చే గురువారానికి మావాడి కవరు వచ్చి ఏడాది. ఆ రోజు ఇంకొక్కసారి నడువు. కవరు లేకుండా ఊరికే. నా గుమ్మం ముందు ఆగు. అంతమందీ ఇవాళ్టిలా నిలబడి ఉండగా వాడి కోసం ఒక్క నిమిషం ఆగు, చాలు."

"మెమో ఇచ్చారమ్మా" అన్నారు బావగారు. జేబులోంచి తీసి చూపించారు. అప్పటికే మా పోస్టుమాస్టరు టైపు కొట్టించి ఇచ్చాడు. బటవాడా సమయంలో అకారణముగా నడిచి ప్రజలను భయభ్రాంతులను చేసినందుకు హెచ్చరిక. మరలా జరిగినచో ఉద్యోగం నుంచి తొలగించి, యుద్ధకాలంలో పుకార్లు పుట్టించిన నేరం కింద సైన్యం వారికి అప్పగించబడును.

"అయితే నీకు భయం."

"భయమేనమ్మా."

"మంచిదే. నాకు ఇప్పుడు దేనికీ భయం లేదు నాయనా. ఉరిమినా, తలుపు కొట్టినా, నువ్వు నడిచినా. పొద్దున అందరూ వణుకుతుంటే నేనొక్కదాన్నే రాయిలా నిలబడ్డాను. అది ఏం బాగుండదు." ఆవిడ లేచింది. ఇంక బతిమాలలేదు.

ఆ తొమ్మిది రోజులూ మా ఇంట్లో ఆయన భయంతో మాకందరికీ చాకిరీ అయింది. ఉద్యోగం పోతే మూడు ప్రాణాలు, పైగా సైన్యం వాళ్ళ చెర. నడవకపోతే రోజూ ఆ గుమ్మం ముందు నుంచే పోవాలి. అన్నదమ్ముల్లో తనే వెనక మిగిలాడన్న బాధ ఎటూ ఉంది. "నడుస్తాను" అనేవారు, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి "నడవలేను" అనేవారు.

"ఏదో ఒకటి తేల్చండి" అంది అక్క. "పిరికితనం కూడా ఒక వైపుకే ఉండాలి. రెండు వైపులా పిరికితనమైతే మనిషి ఎలా వేగుతాడు?"

సోమవారం ఆయనకి కాస్త ధైర్యం వచ్చింది. సంతకం కవర్లు తెచ్చే సైన్యం వాళ్ళ బండి సోమవారం, శనివారం మాత్రమే వస్తుంది. ఆ సోమవారం అసలు రాలేదు. బండి రాలేదంటే కవర్లు లేవన్నమాట, మళ్ళీ శనివారం దాకా నిశ్చింత, గురువారం ఎవరికీ ఏమీ ఉండదు అని లెక్క కట్టారు. మేమూ ఆ లెక్కే నమ్మాం. మెమో సంగతికి ఆయన ఇంకో ఉపాయం కనిపెట్టారు. గురువారం తనే చక్రంలో గాలి తీసేస్తారట. అడిగితే పంక్చరని చెప్పొచ్చు. ఈ వయసులో ఆయన బడిపిల్లాడిలా ఆ మాట మెల్లగా చెప్పి, మొదటిసారి నా మొహం చూసి నవ్వారు.

బుధవారం డ్యూటీ దిగాక ఇంటింటికీ చెప్పడానికి బయల్దేరారు. నన్ను తోడు రమ్మన్నారు. పోస్టుమేను వేళకాని వేళ తలుపు కొడితే లోపలివాళ్ళ సంగతేమిటి? అందుకని నేను ముందు వెళ్ళి "ఏమీ లేదు, ఏమీ లేదు" అని అరిచి తర్వాత తలుపు కొట్టేదాన్ని. ఆ అరుపుకే ఇద్దరు ముగ్గురు హడలిపోయారు. కొందరు సరే అన్నారు. కొందరు కాజాలావిడ పేరు వినగానే తల దించుకుని సరే అన్నారు. "మళ్ళీ నడుస్తావా, నీకు బుద్ధి లేదా" అని మొహం మీదే తలుపు వేసినవాళ్ళూ ఉన్నారు.

మంగలి షాపాయన గడ్డం గీసే కత్తిని తోలు పట్టీ మీద నూరుతున్నాడు. చెప్పింది విన్నాడు.

"మావాడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి నాలుగు వారాలైంది" అన్నాడు. "నువ్వు నడిస్తే నేను చూడలేను. షాపు మూసుకుంటా."

"కవరు ఉండదయ్యా. ఊరికే నడవడమే."

"ఉండదని నీకెలా తెలుసు? రేపటి సంచి నువ్వే కడుతున్నావా?"

"బండి సోమవారం, శనివారమే కదా వచ్చేది. సోమవారం రానే లేదు."

"ఉండదంటావు."

"ఉండదు."

ఆయన కత్తిని వెలుగులో పెట్టి చూసుకున్నాడు. "పదింటికి మాస్టారు గడ్డానికి వస్తానన్నారు. ఇద్దరం గుమ్మంలో నిలబడతాంలే" అన్నాడు. ఇంకోసారి అడిగాడు, "ఉండదు కదా?"

"ఉండదు" అన్నారు బావగారు.

ఆ గురువారం పోస్టాఫీసులో ఏం జరిగిందో ఆయన నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పారు. ముందు సైకిలు దగ్గరికి వెళ్ళి, ఎవరూ చూడకుండా వాల్వు తిప్పి గాలి తీసేశారు. లోపలికి వచ్చి సార్టింగు బల్ల దగ్గర నిలబడ్డారు. సోమవారం దారిలో ఇరుసు విరిగి ఆగిపోయిన బండి తెల్లవారగానే వచ్చిందని అక్కడ ఎవరో అన్నారు. బల్ల మీద ఆయన గడిలో, మామూలు ఉత్తరాల పైన, ఒక సంతకం కవరు ఉంది. కళ్ళు మూసుకుని తిప్పారట. మా ఇల్లు కాదు. మంగలి షాపు.

"అమ్మాయ్, నీకు ఒకటి చెప్తాను, అసహ్యించుకోకు" అన్నారు నాతో. "ముందు మావాడు కాదు అనుకున్నాను. రెండోది, కవరు ఉంది కాబట్టి ఇప్పుడు నడిస్తే తప్పు లేదు, నా ఉద్యోగం ఉంటుంది అనుకున్నాను. ఆయన సంగతి మూడోసారి గుర్తొచ్చింది. మూడోసారి."

పోస్టుమాస్టరు కవరు చూసి, "సరే, నడువు" అన్నాడట.

పదింటికి నేను గుమ్మంలో ఉన్నాను, చేతులకి గిన్నెలు తోమిన నురగ. భయం లేకుండా ఆయన నడక చూడడం అదే మొదలు. నవ్వుతున్నాను కూడా. మాస్టారి భార్య అటు గుమ్మం నుంచి "మీ బావగారు ఇవాళ పెళ్ళికొడుకులా వస్తున్నారు" అంది. పైన మంగలి షాపాయన, మెడ చుట్టూ తువ్వాలు, సగం మొహం మీద నురగతో మాస్టారు, ఇద్దరూ బయటకి వచ్చి నిలబడ్డారు. తలుపు వేస్తామన్నవాళ్ళూ తెరిచారు. ఒక్కటీ మూసి లేదు.

ఆయన కాజాలావిడ గుమ్మం ముందు ఆగారు. టోపీ తీశారు. వీధంతా చప్పుడు లేదు. ఆవిడ ఆయన వంక కాదు, మా అందరి వంకా చూసింది. ఒక్కొక్కరినీ చూసింది. నన్నూ చూసింది. ఆ చూపుకి తల దించుకోకుండా నిలబడడం కష్టమైంది గాని, నిలబడ్డాను. తర్వాత ఆవిడ మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడాదిగా ఆవిడ ఏడవడం మేమెవరం చూడలేదు.

అక్కడితో అయిపోవాలి. టోపీ పెట్టుకుని వెనక్కి తిరిగిపోవాలి, అదీ అనుకున్నది. ఆయన టోపీ పెట్టుకోలేదు. పైకి నడిచారు.

అప్పుడు చూశాను, ఎడమ చంకలో సంతకాల పుస్తకం.

నవ్వు నా మొహం మీద ఎంతసేపు అలాగే ఉండిపోయిందో తెలియదు. రెండు గుమ్మాల దూరం. ఆయన నా వంక చూడటం లేదు. చూడకపోతే మాదే. చూస్తే మాది కాదు. కాదు, చూస్తేనే మాదేమో. చేతుల మీద నురగ చల్లబడి చినుకులా కారుతోంది. ఒక గుమ్మం. అక్క నా వెనక ఏదో గొణుగుతోంది, దేవుణ్ణి మొక్కుతోందో తిడుతోందో తెలియదు. ఆయన మా గుమ్మం ముందుకి వచ్చారు. కాళ్ళు ఆగబోయినట్టు అనిపించింది. దాటారు.

దాటగానే నాకు కలిగింది సంతోషం. ఇంకో మాట లేదు దానికి. మా ఆయన తిరిగి రావడం ఇంకా ఎనిమిది నెలల తర్వాతి సంగతి, ఆ పొద్దున నాకు అది తెలియదు, ఈ పూటకి మాత్రం బతికున్నాడు. నా చెయ్యి దానంతటదే వెళ్ళి తలుపు పట్టుకుంది. సగం లాగాను కూడా. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"వదులు" అంది. "ఆవిడ చూస్తోంది."

వదిలేశాను. పుస్తకాన్ని ఇంకా ఎవరెవరు చూశారో వాళ్ళందరి చేతులూ తలుపుల మీద ఉన్నాయి. అందరం బయట ఉన్నాం, అందరం అందరికీ కనపడుతున్నాం. ఇక ఎవరు మూయగలరు?

బావగారు మంగలి షాపు ముందు ఆగారు. అంత నిశ్శబ్దంలో వాళ్ళ మాటలు మా గుమ్మం దాకా వినపడ్డాయి.

"ఉండదన్నావుగా."

"అన్నాను."

"సోమవారం, శనివారం అన్నావుగా."

"అన్నాను."

మంగలి షాపాయన కవరు తీసుకోలేదు. వీధి కిందకి చూశాడు. తలుపుల వంక చూస్తున్నాడని మాకందరికీ తెలుసు. తర్వాత తన చేతిలో కత్తి చూసుకున్నాడు.

"మాస్టారి గడ్డం సగంలో ఉంది" అని లోపలికి వెళ్ళాడు.

మాస్టారు వద్దనలేకపోయారు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. షాపు అద్దాల్లోంచి కనపడుతూనే ఉంది. కొడుకు పోయిన మనిషి చేతిలో కత్తి, ఆ కత్తి కింద మాస్టారి గొంతు. ఎదురుగుమ్మంలో ఆయన భార్య పిడికిలి నోట్లో పెట్టుకుంది. మాస్టారు కళ్ళు మూసుకోలేదు. కదల్లేదు, మింగలేదు. బావగారు కవరు చాచిన చెయ్యి దించకుండా బయటే నిలబడ్డారు. మేమూ నిలబడ్డాం. తరువాతెప్పుడో ఈ రోజును దేశమంతా జరపాలని తీర్మానించినప్పుడు ఒక ఆఫీసరు వచ్చి, "ఆ రోజు ఎంతసేపు మౌనం పాటించారు?" అని బావగారిని అడిగాడు. "సగం గడ్డం గీసేంత సేపండి" అన్నారీయన. ఆఫీసరు అది కొట్టేసి తొమ్మిది నిమిషాలని రాసుకున్నాడు. ఎక్కువే అయి ఉంటుంది. నాకైతే వేలి చివర్ల మీద నురగంతా ఎండిపోయింది.

లోపల మంగలి షాపాయన మాస్టారి మొహం తడిగుడ్డతో తుడిచాడు. చెవి వెనక కూడా తుడిచాడు. తువ్వాలు తీసి, దులిపి, మడత పెట్టాడు. కత్తి కడిగి మూశాడు. చేతులు తుడుచుకుని బయటకి వచ్చాడు.

"ఎక్కడ పెట్టాలి?"

బావగారు గీత మీద వేలు పెట్టి చూపించారు. ఆయన సంతకం పెట్టాడు, కవరు చొక్కా జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడేం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఇళ్ళలోకి వెళ్ళాలా, ఎప్పుడు వెళ్ళాలి, ముందు ఎవరు వెళ్ళాలి? అప్పుడు కాజాలావిడ తన గుమ్మం దిగి, పైకి నడిచింది. మమ్మల్ని దాటింది, బావగారిని దాటింది. షాపులోకి వెళ్ళి, వంతు కోసం కూర్చునే బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి మాస్టారు వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు. ఆ బెంచీ మీద నలుగురికే చోటు. మిగతావాళ్ళం బయట నిలబడ్డాం.